నేను కదపని వేలు

"సుభా, ఒకసారిలా రా. నా వేలు నేను కదపలేదే."

మైక్రోస్కోపు మీంచి కళ్ళు తీయకుండానే పిలిచింది పైడితల్లి. గది అవతలి చివర కూర్చున్న సుభాషిణి లేచి అక్క దగ్గరికి నడిచింది. ఆ గదిలో పరిగెత్తకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, పొడిగాలి చొరబడనివ్వకూడదు. విశాఖపట్నం పొలిమేరలో ఉన్న ఆ కర్మాగారంలో గుండెకు అమర్చే వాల్వులు తయారవుతాయి. పశువు గుండె చుట్టూ ఉండే పలుచని పొరను శుద్ధిచేసి, మూడు రేకులుగా కత్తిరించి, ఉంగరమంత చట్రానికి చేత్తో కుడతారు. దారం తలవెంట్రుక కన్నా సన్నం. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ, ఇంత పని మరలు చేయలేవా అని అడుగుతారు. ఏ రెండు పొరల మందమూ ఒకలా ఉండదు. సూది దిగుతున్నప్పుడు ఎక్కడ ఆగాలో వేలికి తెలియాలి. ఆ తెలివి ఇంతవరకు ఏ మరకీ పట్టుబడలేదు.

"ఏమైందక్కా?"

"ఈ చూపుడువేలు. ముడి బిగించబోతుంటే లోపలికి లాగీసింది. ఆపీసాననుకో. కానీ లాగింది మాత్రం నేను కాదు."

సుభాషిణి అక్క చేతికేసి చూసింది. చర్మానికి అతుక్కుపోయిన బూడిదరంగు తొడుగు నిశ్చలంగా ఉంది. సుభాషిణి దానికి తొడుగు అనే పేరు పెడితే, గదిలోని ఆడవాళ్ళు కొన్నాళ్ళకే దాన్ని 'తోడు' చేసేశారు.

ఆ తోడు పుట్టిందే పైడితల్లి కోసం. కొన్నేళ్ళ కిందట ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు డాక్టరు. జబ్బు పేరు విన్నప్పుడు పైడితల్లి ఏడవలేదు, సూది పట్టుకోలేకపోయిన రోజున ఏడ్చింది. అదే కర్మాగారంలో ఇంజనీరుగా ఉన్న చెల్లెలు, ఇంట్లో భోజనాల బల్లమీద, ఒకదాని తర్వాత ఒకటిగా తొడుగులు తయారుచేసి పారేసి, చివరికి ఒకటి అక్క చేతికి తొడిగింది. చర్మం కింద నరాల్లో పారే చిరు విద్యుత్తును అది పసిగడుతుంది. వణుకు వేలి చివరికి చేరేలోపే ఎదురు ఒత్తిడి ఇచ్చి అణిచేస్తుంది. ఆ రోజు పైడితల్లి సూదిలోకి దారం ఎక్కించింది, తీసింది, మళ్ళీ ఎక్కించింది. సాయంత్రందాకా అదే పని.

తర్వాత గదిలో అందరికీ తోడులు వచ్చాయి. అన్నిటినీ కలిపి ఒక పెట్టెకు జోడించింది సుభాషిణి. ఒకరి చేతికి దొరికిన సులువు పెట్టెలోకి చేరి, మిగతావాళ్ళ వేళ్ళకు చిన్న సూచనలా అందేది. ఎవరి భుజం అలిసిపోయిందో ముందే చెప్పి లేపేది. పాడైపోయి అవతల పారేసే వాల్వులు బాగా తగ్గిపోయాయి. కొత్తగా చేరిన రెబెకా, ఏళ్ళు పట్టే పని నెలల్లో నేర్చుకుంది. అన్నిట్లోకీ మంచి చెయ్యి పైడితల్లిదే కనుక, అందరి వేళ్ళలోనూ ఆవిడ పాలు కొంత ఉండేది.

అందుకే ఇప్పుడు అక్క మాట వినగానే సుభాషిణికి తోడు మీద అనుమానం రాలేదు. జబ్బు ముదిరిందనుకుంది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాంలే," అంది భుజం మీద చెయ్యి వేసి.

పైడితల్లి మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగింది. ఆ వాల్వు పూర్తిచేసి పక్కన పెట్టింది.

డాక్టరు మాత్రల మోతాదు పెంచారు. అక్కడినుంచి పైడితల్లి మనిషే మారిపోయింది. తిన్నది తిన్నట్టు కక్కేసేది. పట్టపగలు కూర్చున్నచోటే నిద్రపోయేది. ఒక ఆదివారం సుభాషిణి వెళ్ళేసరికి, సోఫాలో కూర్చుని గోడకేసి చెయ్యి చూపిస్తోంది.

"ఆ చీమల్ని దులపమంటే మీ బావ వినడే."

గోడ మీద ఒక్క చీమ కూడా లేదు.

వంటింట్లో గంజి వారుస్తున్న సన్యాసిరావు బయటికి వచ్చాడు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. "చెయ్యి కుదురుగా ఉంటే చాలు అనుకున్నాం కదమ్మా. ఇప్పుడు మనిషే కుదురుగా లేదు. నువ్వే ఏదోటి చూడు," అన్నాడు.

"చూస్తాను బావా," అంది సుభాషిణి. ఏం చూడాలో మాత్రం తెలియలేదు. పైడితల్లికి సెలవు రాయించి వచ్చేసింది.

ఇది జరిగిన కొద్దిరోజులకే రెబెకా తోడు పాడైంది. బాగుచేసి ఇచ్చేవరకు ఖాళీగా ఉన్న పైడితల్లి తోడు వేసుకోమంది సుభాషిణి. రెబెకా అది తొడుక్కుని పనిలో కూర్చుంది. కాసేపటికే లేచి వచ్చింది.

"మేడమ్, ఇది నన్ను లాగతంది."

"ఎలా లాగుతోంది?"

"ఎలాగంటే... నేను ఇటు పోదామనుకుంటే అటు పోదామంటంది. గట్టిగా కాదు. చెయ్యి పట్టుకుని పిలిచినట్టు."

సుభాషిణి రెబెకా చేతికేసి చూసింది. రెబెకాకు పాతికేళ్ళు కూడా నిండలేదు. ఆమె చేతికి ఏ జబ్బూ లేదు.

ఆ తోడు విప్పించి తానే తొడుక్కుంది. మూలనున్న మైక్రోస్కోపు ముందు కూర్చుని, పనికిరాని పొరముక్క ఒకటి తీసుకుంది. చెయ్యి కదపకుండా ఉంచితే ఏమీ లేదు. సూది పట్టుకుంది. ఇంకా ఏమీ లేదు. మొదటి కుట్టు వేసి, రెండోది వేయబోతుండగా తెలిసింది. చూపుడువేలి కొస మీద అతి సన్నని ఒత్తిడి. లోపలికి, కాస్త ఎడమకి.

భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కుతూహలం. కావాలని తప్పు వైపు వెళ్ళింది. ఒత్తిడి పెరిగింది. ఎటు తోస్తోందో అటే పోనిచ్చింది. కుట్టు చక్కగా, సమంగా, ముత్యంలా పడింది. తాను జన్మలో వేయలేని కుట్టు.

ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. విజయనగరంలో వాళ్ళ నాన్నకు చిరుగు కనపడకుండా పోగులు అల్లే రఫ్ఫు పని ఉండేది. చిరిగిన పట్టుచీరలు, కాలిన కోట్లు వచ్చేవి. బడి నుంచి రాగానే అక్క ఆయన పక్కన చేరేది. సూదిపని నాకూ నేర్పమని సుభాషిణి ఏడిస్తే, వెనక కూర్చుని, చెల్లెలి వేళ్ళ మీద తన వేళ్ళు వేసి గుడ్డలో సూది నడిపించేది. సరిగ్గా ఇలాగే, లోపలికి, కాస్త ఎడమకి.

ఎవరో అక్క చేత్తో కుడుతున్నారు. అక్క ఇంట్లో పడుకుని ఉంది.

కర్మాగారంలో కంప్యూటర్లు, తీగలు చూసుకునే తవిటినాయుడిని పిలిపించింది. అతను రావడానికి పట్టినంతసేపూ తోడు చేతికే ఉంచుకుని కుడుతూ కూర్చుంది.

"పెట్టెలో ఏదో తిరగబడి ఉంటాది మేడమ్. ఒకసారి ఆపి వేద్దాం," అన్నాడతను.

"వద్దు. ఆపితే దొరకదు. నేను కుడుతూ ఉంటాను. నువ్వు ఈ గదికి ఉన్న తీగలు ఒక్కొక్కటే పీకు. లాగడం ఎప్పుడు ఆగితే అప్పుడు చెబుతాను."

తవిటినాయుడు గది చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కుడుతున్నవాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. తలుపు తెరిచే యంత్రం తీగ పీకాడు. లాగుతూనే ఉంది. దీపాలను సర్దే యంత్రానిది పీకాడు. తూకం యంత్రం, ఏసీ, బయట వరండాలో టీ యంత్రం అన్నీ అయ్యాయి. ఒత్తిడి అలాగే ఉంది, ఓపికగా, ఏమీ జరగనట్టు. ఆఖరికి అతను స్టూలెక్కి, గోడమీద అరచేయంత తెల్లడబ్బాకున్న తీగ లాగాడు.

సుభాషిణి వేలు తేలికైపోయింది. తర్వాతి కుట్టు వంకరగా పడింది.

"అదే," అంది.

అది గదిలోని తేమను కొలిచే డబ్బా. గాలి పొడిబారితే పొర బిరుసెక్కుతుంది, దారం తెగుతుంది. ఆ డబ్బా వచ్చాక మేనేజింగ్ డైరెక్టర్ విశ్వంభరరావు గారు ఎక్కడున్నా ఫోనులో తేమ చూసుకునేవారు. అందుకని దానికి ఇంటర్నెట్ ఉంది. తేమను బట్టి చేతుల వేగం సర్దితే బాగుంటుందని ఆ డబ్బాను తోడుల పెట్టెకు కలిపించింది సుభాషిణి. రెండూ మంచి పనులే. ఆ రెండూ కలిసి వీధిగుమ్మం నుంచి పడకగదిదాకా దారి తెరిచాయి. డబ్బా తయారుచేసినవాళ్ళు ఊరందరికీ ఒకే రహస్యపదం పెట్టి అమ్మారు. దాన్ని మార్చుకోవాలని ఇక్కడ ఎవరికీ తోచలేదు.

తవిటినాయుడు రెండు రోజులు ఆ డబ్బా గుండా ఏం పోయిందో, ఏం వచ్చిందో తవ్వి చూశాడు. మూడోరోజు పొద్దున్న సుభాషిణి ఎదుట కూర్చున్నాడు.

"బయటికి పోయినవి ఫైళ్ళు కాదు మేడమ్. చేతులు. మనవాళ్ళు వేసిన ప్రతి కుట్టూ, ఏ వేలు ఎంత వంగింది, ఎంత నొక్కింది, అంతా పోయింది. ఎక్కడో మరచేతికి కుట్టడం నేర్పుతున్నారు."

"మరి లోపలికి వచ్చిందేమిటి?"

"అదే అర్థం కాలేదు ముందు. ఇప్పుడు అర్థమైంది. మర నేర్చుకుందో లేదో తెలియాలి కదండీ. పైడితల్లమ్మగారు తర్వాతి కుట్టు ఎలా వేస్తారో ఆ మర ముందే ఊహించి, ఆ ఊహని ఆవిడ తోడుకే పంపుతోంది. రెండూ కలిసిపోతే ఆవిడకి ఏమీ తెలీదు. కలవకపోతే లాగినట్టుంటుంది."

సుభాషిణి కిటికీలోంచి బయటికి చూసింది. సామాన్ల ఆటో ఒకటి గేటు దగ్గర హారన్ కొడుతోంది. కలిసిపోతే ఏమీ తెలీదు. ఎన్నిసార్లు కలిసిందో!

ఆ మధ్యాహ్నమే అక్క ఇంటికి వెళ్ళింది. లాగుతున్నది తోడేనని తేలిన రోజే డాక్టరుతో మాట్లాడి మాత్రలు తగ్గించారు కాబట్టి పైడితల్లి కొంచెం తెరిపిన పడింది. బాల్కనీలో కూర్చుని మెంతికూర గిల్లుతోంది. ఆకులు వణుకుతున్నాయి.

"అక్కా, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. వేలు కదిపింది నువ్వు కాదు," అని మొత్తం చెప్పింది.

పైడితల్లి ఇంకో రెండు కాడలు గిల్లింది. తర్వాత, "అయితే నాకు మతి పోలేదన్నమాట," అంది.

"లేదక్కా. నేనే నీ మాట పట్టించుకోలేదు."

"పోనీలే. ఆ మరకి నా కుట్టు వచ్చీసిందేటే?"

చెల్లెలు ఆశ్చర్యపోయింది. కోపం వస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. అక్క కళ్ళు మాత్రం వింత విన్న పిల్లకళ్ళలా ఉన్నాయి.

"చాలావరకు వచ్చేసింది."

"మరి ఆ రోజు ఎక్కడ తప్పింది?"

"పొర అక్కడ పలచగా ఉండుంటుంది. నువ్వు ఆగావు. దానికి ఆగాలని తెలీలేదు."

"అవును, పలచగానే ఉంది," అంది పైడితల్లి. మెంతికూర పక్కకు పెట్టింది. ముఖంలో కుతూహలం చల్లారి, ఇంకేదో కమ్మింది. "సుభా, ఆ వాల్వు ఎక్కడుంది?"

సుభాషిణి ఆ ప్రశ్నకే భయపడుతూ వచ్చింది. మర తన ఊహలు పంపడం మొదలైనప్పటి నుంచి పైడితల్లి కుట్టిన వాల్వులు ఇంకా గోదాములోనే ఉన్నాయి. పరీక్షలు, శుద్ధి అన్నీ అయ్యేసరికి వారాలు పడుతుంది. ఆ ఒక్కటి మాత్రం ఆస్పత్రివాళ్ళు తొందరపెట్టడంతో ముందుగా వెళ్ళిపోయింది. ఇప్పుడది శ్రీకాకుళం వైపు ఒక బస్సు కండక్టరమ్మ గుండెలో ఉందని చెప్పింది.

"ఆవిడకి చెప్పారా?"

"ఇంకా లేదు."

"ఏటి చూస్తున్నారు మరి?" అంది పైడితల్లి.

మర్నాడు విశ్వంభరరావు గారి గదిలో సుభాషిణి అదే మాట అడిగింది. ఆయన చెడ్డమనిషి కాదు. కుట్టేవాళ్ళందరినీ పేరుపెట్టి పిలుస్తారు. గోదాములో ఉన్నవి సీసాల్లోంచి తీయించి, ఒక్కొక్క కుట్టూ చూడమని అప్పటికే చెప్పారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒకదాన్లో తప్ప. అందులో ఒక కుట్టు ఉండాల్సిన దానికన్నా లోతుగా దిగింది.

"వెళ్ళిపోయిన వాల్వు పరీక్షలన్నీ నెగ్గిందమ్మా," అన్నారాయన. "ఆ రకం వాల్వుల్ని నీళ్ళలో కోట్లసార్లు కొట్టించి చూశాం. ఆపరేషను బాగా జరిగింది, మనిషి తిరుగుతోంది. ఇప్పుడెళ్ళి నీ గుండెలో ఎవడో దొంగ చెయ్యి పెట్టాడంటే, వాల్వుకి ఏమీ కాకపోయినా భయంతో మంచం పడుతుంది. మన పేరు సంగతి తర్వాత, ఆవిడ సంగతి చూడు."

"భయపడాలో వద్దో ఆవిడ తేల్చుకోవాలి కద సార్. మా అక్క విషయంలో నేను తేల్చేశాను. ఏమైందో చూశారు."

ఆయన బల్లమీది ఫోను తీసి, తేమ అంకె కోసం అలవాటుగా తెర మీద వేలు పెట్టి, ఆగిపోయారు. ఫోను బోర్లించారు. కొంచెంసేపటి తర్వాత లాండ్‌లైను ఎత్తి ఆస్పత్రిలో సర్జనుకు కలపమన్నారు.

ఆ వారమే తోడులన్నీ ఆపేశారు. గదిలో పెద్ద గొడవే అయింది. "భుజాలు పోతాయి మేడమ్," అన్నారు కొందరు. "తోడు లేకపోతే నాకు ముడే గుర్తు రావట్లేదు," అని రెబెకా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా, ఎవరి చెయ్యి వాళ్ళకే తెలిసేలా కొత్తవి చేసిస్తానని సుభాషిణి చెప్పింది. అంత తెలివైనవి కావు, కానీ వణుకుని, అలసటని పట్టుకుంటాయి. పెట్టెలో ఉన్నదంతా తుడిచేయాలి. ఏ కదలిక తమదో, ఏది దొంగ పంపిందో విడదీసే దారి లేదు.

అంటే పైడితల్లి మంచిరోజుల చెయ్యి కూడా పోతుంది. కొత్త తోడు ఇప్పటి చేతినుంచే నేర్చుకోవాలి. ఇప్పటి చేతికి అంత కుట్టు లేదు. ఈ సంగతి చెప్పడానికి సుభాషిణికి నోరు రాలేదు. చెప్పకుండానే గ్రహించి పైడితల్లే వచ్చి పెట్టె ముందు కూర్చుంది.

"నువ్వే తుడువు. నా ఎదురుగా తుడువు," అంది.

"ఎక్కడో నీ చెయ్యి ఇంకా కుడుతూనే ఉంటుందక్కా. వాళ్ళ దగ్గరున్నది మనం తుడవలేం. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం, దొరుకుతారో లేదో."

"కుట్టనీ. పొర పలచగా ఉన్నచోట ఆగాలని కూడా ఎవరైనా నేర్పితే బాగుణ్ణు. అది వేసుకునేదీ మనిషే కదా."

సుభాషిణి మీట నొక్కింది. పెట్టె మీది దీపం ఆరి వెలిగింది. పైడితల్లి కుడిచెయ్యి ఒళ్ళో వణుకుతోంది. ఆవిడ ఎడంచేత్తో దాన్ని పట్టుకుని లేచింది.

శ్రీకాకుళం ఆస్పత్రిలో, గుండెను తెరమీద చూపే ఎకో గదికి అక్కాచెల్లెళ్ళిద్దరూ వెళ్ళారు. కండక్టరు పేరు లోలాక్షి. నలభై దాటిన మనిషి, కంచు గొంతు. సర్జను చెప్పాల్సింది ముందే చెప్పారు. అయినా ఆవిడ బల్లమీద పడుకుని, సుభాషిణి చేత మొత్తం మళ్ళీ చెప్పించుకుంది. మధ్యమధ్య ఆపి అడిగింది. దారం దేంతో చేస్తారు, సూది ఎంతుంటుంది, ఆ తెల్లడబ్బా తన బస్సులో టికెట్లు కొట్టే యంత్రంలాంటిదేనా, దాన్నీ ఎవడైనా అలా పట్టుకోగలడా అని. పట్టుకోగలడని సుభాషిణి ఒప్పుకుంది.

"అయితే ఆ దొంగోడు టికెట్టు లేకుండా నా గుండెలోకి ఎక్కీసినాడన్నమాట," అంది లోలాక్షి. గదిలో ఎవరూ నవ్వలేదు. ఆవిడే నవ్వి, నవ్వు ఆపి, పైడితల్లికేసి తిరిగింది. "అమ్మా, కుట్టింది నువ్వేనంట కదా. ఇది ఆగిపోద్దా?"

పైడితల్లి తడుముకోలేదు. "తెలీదమ్మా. ఒక్కచోట నా వేలు లాగింది. నేను ఆపీసాననే అనుకున్నాను. అంతకు ముందు ఎన్ని కుట్లు నావో, ఎన్ని దానివో చెప్పలేను. చెడ్డ కుట్టు నా కంటికి కనపడితే మాత్రం విప్పకుండా వదల్లేదు."

లోలాక్షి తలకింద చెయ్యి పెట్టుకుంది. "సరే. మూడేసి నెలలకి వచ్చి చూపించుకోమన్నారు. నువ్వు కూడా రా. తోడుండు."

"వస్తాను," అంది పైడితల్లి.

టెక్నీషియన్ లోలాక్షి ఛాతీమీద పరికరం ఆనించాడు. తెరమీద బూడిదరంగు మబ్బులు కదిలాయి. కాసేపు అటూ ఇటూ జరిపి, "ఇదిగోండి," అన్నాడు.

చీకట్లో సన్నని తెల్లగీతలు విచ్చుకున్నాయి, మూసుకున్నాయి. మళ్ళీ విచ్చుకున్నాయి.

"ఇదేనా?" అంది పైడితల్లి. సగం జీవితం వాల్వులు కుడుతూ గడిపింది. ఆమె కుట్టిన ప్రతిదీ మందునీళ్ళ సీసాలో, కదలకుండా, తడిసిన పూరేకులా ముడుచుకునే వెళ్ళిపోయింది. ఒక్కటీ కొట్టుకోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"కుట్లు కనపడవా బాబూ?"

"కనపడవండీ. రేకులే కనపడతాయి. ఎక్కడా కారడం లేదు, చక్కగా మూసుకుంటున్నాయి." అతను పరికరం తీయబోయాడు.

"ఉండు," అంది లోలాక్షి. "ఆయమ్మని సూడనీ. నాకేటి తొందర?"

అతను చెయ్యి అలాగే ఉంచాడు. సుభాషిణి తెరను చూడటం మానేసి అక్కను చూసింది. పైడితల్లి ముందుకు వంగింది, మైక్రోస్కోపు మీదికి వంగినట్టే.

"ఇలా ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటాదా?" అని అడిగింది.

"ఉండాలి కదమ్మా," అంది లోలాక్షి.

పైడితల్లి స్టూలు తెర దగ్గరికి జరుపుకుంది.